మత్తు దిగే గంట: భుజం ఆపరేషన్ తరువాతి మొదటి రాత్రి

(ఉయ్యూరులో చేసిన స్మారకోపన్యాస పాఠం)



లెక్కల మాస్టారి పేరిట ఈ ఉపన్యాస ధర్మనిధి ఏర్పాటు చేసినప్పుడు ఆయన పిల్లలు ఒక్క షరతే పెట్టారు. వక్త ఏ శాస్త్రం చదివినవాడైనా కావచ్చు. చెప్పేది మాత్రం తెలుగులో చెప్పాలి, చెరుకు రైతుకీ ఫ్యాక్టరీ కార్మికుడికీ ఇంటర్ చదివే అమ్మాయికీ రేపు ఇంట్లో అక్కరకొచ్చేలా చెప్పాలి. మాస్టారి లెక్కల క్లాసు గుర్తున్నవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు. జవాబు పక్కన ప్రమాణం రాయకపోతే ఆయన మార్కు వేసేవారు కాదు. "పన్నెండంటే పన్నెండు ఏమిట్రా? గంటలా, రోజులా?" అని నిలబెట్టి అడిగేవారు. ఇవాళ నేను మాట్లాడేదంతా గంటల లెక్క గనక, ఆ ప్రశ్నను దగ్గర పెట్టుకునే మాట్లాడతాను.

నేను మత్తు డాక్టర్ని. విజయవాడలో భుజం ఆపరేషన్లకు మత్తు ఇస్తుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఈ బందరు రోడ్డు మీది ఊళ్ళవాళ్ళే: కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు. బండి మీద నుంచి పడి ఎముక విరిగినవాళ్ళు, తాడిచెట్టు మీద నుంచి జారినవాళ్ళు, కబడ్డీలో గూడు జారి ఆ తరువాత చెయ్యెత్తితే చాలు మళ్ళీ జారిపోతున్న కుర్రవాళ్ళు, బాత్‌రూములో కాలు జారిన పెద్దమ్మలు. చెరుకు సీజన్లో ఏళ్ళ తరబడి కట్టలెత్తి లారీలకు లోడు చేసినవాళ్ళకు భుజం లోపలి కండరాల కొసలు అరిగి తెగిపోతాయి. దాన్నే రొటేటర్ కఫ్ చిరగడం అంటాం. ఇక సుగర్ ఉన్నవాళ్ళకు భుజం పట్టేసి, జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికి కూడా చెయ్యి వెనక్కి వెళ్ళదు.

ఈ ఆపరేషన్లు ఇప్పుడు చాలావరకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేస్తున్నారు. కుట్లు చిన్నవి గనక నొప్పీ చిన్నదే అనుకుంటారు. అది నిజం కాదు. చర్మం మీద గాటు చిన్నదే గాని లోపల ఎముకకు రంధ్రం చేసి, అందులో మేకులాంటి యాంకర్ దించి, తెగిన కండరాన్ని లాగి దానికి కడతారు. ఆ కీలుకు పూర్తి విశ్రాంతి ఇవ్వడం కూడా కష్టం. పడుకుంటే లాగుతుంది, దగ్గితే కదులుతుంది, గట్టిగా ఊపిరి తీసినా తెలుస్తుంది. ఎముకల ఆపరేషన్లలో నొప్పి ఎక్కువగా ఉండేవాటిలో ఇదొకటి.

అందుకే పూర్తి మత్తుతో పాటు మెడ పక్కన నరాలకు కూడా మందు ఇస్తాం. పేషెంటు తల అవతలి పక్కకు తిప్పి పడుకుంటాడు. మెడ మీద చల్లటి జెల్లు రాసి అల్ట్రాసౌండ్ ప్రోబు ఆనిస్తాం. తెర మీద రెండు కండరాల నడుమ, ఒకదాని కింద ఒకటిగా నల్లటి గుండ్రాలు కనిపిస్తాయి. మెడ ఎముకల్లోంచి బయటికొచ్చి భుజానికీ చేతికీ వెళ్ళే నరాల మూలాలవి. భుజానికి ముఖ్యమైనవి ఐదోది, ఆరోది. పక్క నుంచి సన్నటి సూది పోనిచ్చి, దాని మొన ఎక్కడుందో తెర మీద చూసుకుంటూ, నరంలోకి గుచ్చకుండా దాని చుట్టూ మందు వదులుతాం. ఓ పావుగంటలో "చెయ్యి ఎత్తండి" అంటే ఎత్తబోయి ఎత్తలేక మా మొహం చూస్తారు. "నా చెయ్యి నాది కానట్టుంది డాక్టరు గారూ" అంటారు. అలా అన్నారంటే బ్లాకు, అంటే నరాలకిచ్చిన ఈ మత్తు, బాగా పట్టిందన్నమాట.

ఇది ఒక్కరోజులో వచ్చిన విద్య కాదు. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కంటికి కొకెయిన్ చుక్కలు వేసి నొప్పి తెలియకుండా ఆపరేషన్ చేయవచ్చని చూపించాడు. ఆ వెంటనే అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ నరాలకే కొకెయిన్ ఇచ్చి చూశాడు. ఆ ప్రయోగాల్లోనే దానికి బానిసయ్యాడు. 1911లో జర్మనీ డాక్టరు కులెన్‌కాంఫ్ కంటెముక పైనుంచి సూది వేసే పద్ధతిని తన ఒంటి మీదే పరీక్షించుకున్నాడు. భుజానికి సరిగ్గా సరిపోయే మార్గాన్ని, అంటే మెడలో ఆ రెండు స్కేలీన్ కండరాల మధ్య నుంచి వెళ్ళే ఇంటర్‌స్కేలీన్ బ్లాకును, 1970లో షికాగోకు చెందిన ఆలన్ విన్నీ స్థిరపరిచాడు. 1990ల నుంచి అల్ట్రాసౌండ్ తోడయ్యాక చీకట్లో తడుముకోవడం తగ్గింది.

మందు చేసే పని చెప్పడానికి మన పుల్లేరు కాలవ లాకు చాలు. నరంలో కబురు సాగాలంటే దాని గోడలోని సన్నటి దారుల్లోంచి సోడియం లోపలికి రావాలి. బ్యుపివకెయిన్, రోపివకెయిన్ లాంటి మందులు ఆ దారులకు అడ్డం కూర్చుంటాయి. లాకు దించితే దిగువకు నీరు రానట్టే, భుజం దగ్గర పుట్టిన నొప్పి మెదడుకు చేరదు. కానీ చుట్టూ రక్తం ప్రవహిస్తూనే ఉంటుంది. అది మందును కొంచెం కొంచెంగా తీసుకుపోతుంది. లిగ్నోకెయిన్ అయితే రెండు మూడు గంటల్లో, బ్యుపివకెయిన్, రోపివకెయిన్ అయితే పది నుంచి పదిహేను గంటల్లో దారి మళ్ళీ తెరుచుకుంటుంది.

ఇప్పుడు మాస్టారి ప్రశ్న వేద్దాం. పన్నెండు గంటలంటే, గడియారంలో ఎప్పటికి?

మధ్యాహ్నం రెండు గంటలకు బ్లాకు ఇస్తే తెల్లవారుజామున రెండింటికి దిగుతుంది. పేషెంటు ఆసుపత్రిలో ఉంటే నర్సు ఉంటుంది, సెలైన్ గొట్టం ఉంటుంది. కానీ చిన్న ఆపరేషన్ అని సాయంత్రమే కారెక్కి, విజయవాడ నుంచి 30 కిలోమీటర్లు ప్రయాణం చేసి ఉయ్యూరు వచ్చేసినవాళ్ళ సంగతి? దారంతా హాయిగా మాట్లాడుతూ వస్తారు. ఇంటికొచ్చి పెరుగన్నం తింటారు. చూడ్డానికొచ్చిన బంధువులతో "అసలు నొప్పే లేదండీ" అంటారు. నొప్పి లేదు గనక మాత్ర వేసుకోరు. మందుల షాపువాళ్ళిచ్చిన పాలిథిన్ కవరు ముడి విప్పకుండా టీవీ పక్కనే ఉంటుంది. రెండింటికి మెలకువ వచ్చేసరికి పదికి తొమ్మిది మార్కుల నొప్పి. అప్పుడు మాత్ర వేస్తే అది పని మొదలుపెట్టడానికి కనీసం అరగంట, ముప్పావుగంట పడుతుంది. అంత నొప్పికి ఆ మాత్ర ఒక్కటే సరిపోదు కూడా.

దీన్ని రీబౌండ్ పెయిన్ అంటారు. 2007 నుంచి వైద్య పత్రికల్లో ఈ పేరుతోనే దీన్ని కొలుస్తున్నారు. బ్లాకు అసలు తీసుకోని పేషెంటుకు నొప్పి మొదటి గంటలోనే వచ్చేస్తుంది, ఆసుపత్రిలోనే మందులు పడతాయి, మెల్లగా తగ్గుతూ పోతుంది. బ్లాకు తీసుకున్నవాడికి సున్నా దగ్గర్నుంచి ఒక్కసారిగా పైకి లేస్తుంది, అదీ ఎవరూ లేనివేళ. ఇంత చూసి కూడా బ్లాకు వద్దని నేననను. ఆపరేషన్‌లో మత్తుమందులు తగ్గుతాయి, వాంతులు తగ్గుతాయి, మొదటి రోజు హాయిగా గడుస్తుంది. తరువాతి రాత్రి సంగతి కూడా మేమే చూడాలి అన్నదే నా వాదన.

మరి బ్లాకును తెల్లవారేదాకా సాగదీయలేమా? ప్రపంచమంతా మత్తు డాక్టర్లు ఈ ప్రశ్న మీద ఎంతో కాలంగా పని చేస్తున్నారు.

అందరికీ ముందు తట్టే ఉపాయం మందు ఎక్కువ పొయ్యడం. అది పనికిరాదు. బ్యుపివకెయిన్ మోతాదు మించి రక్తంలో కలిస్తే గుండె ఆగుతుంది, ఆగిన గుండెను మళ్ళీ కొట్టించడం చాలా కష్టం. 1979లోనే ఈ ప్రమాదం గురించి గట్టి హెచ్చరిక వచ్చింది. దానికి విరుగుడుగా కొవ్వు ద్రావణం సిరలోకి ఎక్కించవచ్చని 1998 తరువాతే తెలిసింది. ఇంకో చిక్కు కూడా ఉంది. మెడలో ఆ నరాల ముందే ఫ్రెనిక్ నరం వెళుతుంది. ఊపిరి తీయడంలో పెద్ద పని చేసే డయాఫ్రమ్ కండరాన్ని ఆడించేది అదే. మామూలు మోతాదులో బ్లాకు ఇస్తే ఆ పక్క డయాఫ్రమ్ దాదాపు అందరిలోనూ పడిపోతుందని 1991లో అర్మీ అనే డాక్టరు చూపించాడు. ఆరోగ్యవంతుడికి అది తెలియను కూడా తెలియదు. నలభై ఏళ్ళు చుట్ట కాల్చి ఊపిరితిత్తులు పాడైన పెద్దాయనకు మాత్రం ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఇప్పుడు మందు పరిమాణం తగ్గిస్తున్నాం. 20 మిల్లీలీటర్లకు బదులు 5 మిల్లీలీటర్లు ఇస్తే డయాఫ్రమ్ పడిపోవడం సగానికి పైగా తగ్గినట్టు 2008లో కెనడా అధ్యయనం ఒకటి తేల్చింది. మరీ ఊపిరి బాగాలేనివాళ్ళకు మెడ జోలికి పోకుండా, భుజం రెక్క దగ్గరి నరాలకు మాత్రమే ఇస్తాం.

రెండో ఉపాయం, మందులో మరో మందు కలపడం. అడ్రినలిన్ కలిపితే రక్తనాళాలు ముడుచుకుని మందు కొంతసేపు అక్కడే ఆగుతుంది గాని, బ్యుపివకెయిన్ లాంటి దీర్ఘకాలపు మందులకు దానివల్ల వచ్చేది స్వల్పం. క్లోనిడిన్ సుమారు రెండు గంటలు కలుపుతుంది. డెక్స్‌మెడెటోమిడిన్ ఇంకాస్త ఎక్కువ కలుపుతుంది, అయితే నాడి నెమ్మదిస్తుంది, బీపీ పడిపోతుంది. బ్యుప్రెనార్ఫిన్ మంచి మందే, కానీ చాలామందిని వాంతులతో పీడిస్తుంది. వీటి మీద నేనిక్కడ ఆగను.

ఆగవలసింది డెక్సామెథాసోన్ దగ్గర. స్టెరాయిడ్. పేరు వినగానే సభలో కొందరి మొహాలు మారాయి. కారణం నాకు తెలుసు. మన పల్లెల్లో జ్వరానికీ ఆయాసానికీ కీళ్ళ నొప్పులకూ విచారణ లేకుండా ఈ సూదే పొడిచినవాళ్ళున్నారు. నెలల తరబడి మింగి మొహం ఉబ్బినవాళ్ళను, ఎముకలు గుల్లబారినవాళ్ళను మీరు చూశారు. ఆపైన 2020లో కోవిడ్‌లో ఆక్సిజన్ అవసరమైనవాళ్ళ ప్రాణం నిలబెట్టే మందుగా దాని పేరు మోగింది. 2021లో సుగర్ అదుపు తప్పినవాళ్ళకు బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు అదే మందును తిట్టుకున్నాం. ఆ అనుభవాలు అబద్ధం కావు. వాటిలో సమస్య రోజుల తరబడి వాడకం. నేను చెప్పేది ఆపరేషన్ రోజు ఒకే ఒక్క మోతాదు.

ఆ ఒక్క మోతాదు చేసే పని చూడండి. 2011లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ డాక్టర్లు భుజం ఆపరేషన్ పేషెంట్లకు ఇంటర్‌స్కేలీన్ బ్లాకు మందులో 8 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ కలిపి చూశారు. రోపివకెయిన్ ఒక్కటే ఇచ్చినవాళ్ళకు నొప్పి లేని కాలం మధ్యస్థంగా 11.8 గంటలు. స్టెరాయిడ్ కలిపితే 22.2 గంటలు. బ్యుపివకెయిన్ విషయంలో 14.8 గంటలు 22.4 గంటలైంది. ఇందాకటి లెక్కలో పెట్టి చూడండి. తెల్లవారుజామున రెండింటికి దిగవలసిన బ్లాకు మర్నాడు పగలు పదకొండు, పన్నెండు దాటాక దిగుతుంది. అప్పటికి మందుల షాపు తెరిచి ఉంటుంది, డాక్టరు ఫోనెత్తుతాడు, కొడుకో కోడలో పక్కన మెలకువగా ఉంటారు.

తరువాత 2013లో బెల్జియం డాక్టర్లు ఇంకొక ముఖ్యమైన ప్రశ్న అడిగారు. ఈ మందు నరం చుట్టూనే వెయ్యాలా, చేతి సిరలోకి ఎక్కిస్తే సరిపోదా? 10 మిల్లీగ్రాములు వాడారు. స్టెరాయిడ్ లేనివాళ్ళకు 757 నిమిషాలు, నరం దగ్గర ఇచ్చినవాళ్ళకు 1405, సిరలో ఇచ్చినవాళ్ళకు 1275 నిమిషాలు. నిమిషాల్ని గంటలు చెయ్యడం ఈ సభలో పిల్లలకు వదిలేస్తున్నాను. రెండు మార్గాలూ ఇంచుమించు సమానమేనని వాళ్ళు తేల్చారు. 2017లో కోక్రేన్ సమీక్ష 35 అధ్యయనాలను కలిపి చూసింది. నరం దగ్గర ఇస్తే సగటున ఆరున్నర గంటలకు కాస్త పైన, సిరలో ఇస్తే ఆరు గంటలకు కాస్త పైన స్పర్శ బ్లాకు పెరిగింది. రెండింటినీ నేరుగా పోల్చిన అధ్యయనాల్లో నరం దగ్గర ఇచ్చినదానికి సుమారు మూడు గంటలు మొగ్గు కనిపించింది.

నా నిర్ణయం సిర వైపే. నరం చుట్టూ వేయడానికి ఈ మందుకు అధికారిక అనుమతి లేదు. ఆ మూడు గంటల కోసం నరం దగ్గర కొత్త పదార్థం పెట్టడం నాకు ఇష్టం లేదు. సిరలో ఇస్తే వాంతులు కూడా తగ్గుతాయి. ఒక చిన్న జాగ్రత్త: మెలకువగా ఉన్నవాళ్ళకు గబుక్కున ఎక్కిస్తే కూర్చునే చోట మంట, దురద పుట్టి బెదిరిపోతారు. నిద్ర పట్టించాక నెమ్మదిగా ఇవ్వాలి. రొటేటర్ కఫ్ ఆపరేషన్ల నొప్పి మీద ప్రాస్పెక్ట్ బృందం 2019లో ఇచ్చిన సలహాల్లో కూడా బ్లాకు, పారాసెటమాల్, నొప్పి మాత్రలతో పాటు సిరలో ఒక్క మోతాదు డెక్సామెథాసోన్ ఉంది. ఈ మందు ధర ఎంతంటే, ఆసుపత్రి బిల్లులో మీరు వెతికినా కంటికి ఆనదు.

సుగర్ ఉన్నవాళ్ళ సంగతి అడుగుతారని తెలుసు, ఎందుకంటే భుజం పట్టేసిన పేషెంట్లలో సుగర్ లేనివాళ్ళు తక్కువ. ఆ రోజూ మర్నాడూ సుగర్ పెరుగుతుంది, అది ఖాయం. ఇంట్లో మీటరు ఉంటే నాలుగు సార్లు చూసుకోవాలి, డాక్టరు చెప్పిన మేర మందు సర్దుకోవాలి. గాయం చీము పడుతుందేమోనన్న భయానికి 2021లో మంచి జవాబు వచ్చింది. 8,880 మంది పెద్దవాళ్ళ మీద, సుగర్ ఉన్నవాళ్ళను కూడా కలుపుకుని జరిగిన పాడి (PADDI) అనే అధ్యయనంలో 8 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో గాయం ఇన్ఫెక్షన్ 8.1 శాతం, తీసుకోనివారిలో 9.1 శాతం. ఆ ఒక్క మోతాదు వల్ల ఇన్ఫెక్షన్ పెరగలేదు. సుగర్ మూడొందలు దాటి అదుపులో లేకుండా వచ్చినవాళ్ళకు మాత్రం నేను ఇవ్వను. అసలు అత్యవసరం కాని ఆపరేషన్ అయితే వాయిదా వేసి పంపిస్తాను.

మూడో ఉపాయం గొట్టం. నరాల పక్కన సన్నటి కెథీటర్ పెట్టి, చిన్న పంపుతో రెండు మూడు రోజులు మందు నెమ్మదిగా పోనిస్తారు. ఉన్నవాటిలో ఎక్కువకాలం నిలిచేది ఇదే. భుజం కీలు మార్చినవాళ్ళకు, పట్టేసిన భుజాన్ని వదులు చేసి మర్నాటి నుంచే ఫిజియోథెరపీ చేయించాల్సినవాళ్ళకు నేను దీన్నే ఇష్టపడతాను. నొప్పి లేని ఆ రెండు రోజుల్లో కదిలించిన భుజం మళ్ళీ బిగుసుకోకుండా ఉంటుంది. అయితే వాళ్ళు ఆసుపత్రిలోనే ఉండాలి. మెడ దగ్గర గొట్టం కాస్త కదిలినా మందు పక్కకు పోతుంది, చెమటకు ప్లాస్టర్ ఊడుతుంది, ఇంటి దగ్గర ఊపిరి భారమైతే చూసే దిక్కు ఉండదు. అమెరికాలో గొట్టంతో ఇంటికి పంపుతారంటే వాళ్ళకు రోజూ ఫోన్ చేసి కనుక్కునే నర్సు ఉంటుంది. అలాంటి ఏర్పాటు లేకుండా పరికరం ఒక్కటే తెచ్చుకుంటే ప్రయోజనం లేదు.

కొవ్వు బుడగల్లో బ్యుపివకెయిన్ నింపి రెండు మూడు రోజులు పనిచేసేలా చేసిన మందు ఒకటుంది. భుజం బ్లాకుకు 2018లో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఖరీదు చాలా ఎక్కువ. మామూలు బ్యుపివకెయిన్ కన్నా చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదని 2021లో అనస్థీషియాలజీ పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది. మనకు దాని కోసం తాపత్రయం అక్కర్లేదు.

ఈ గంటలు మనకు ఎందుకంత విలువైనవో కూడా చెప్పాలి. పశ్చిమ దేశాల్లో బ్లాకు దిగితే మార్ఫిన్ జాతి మాత్రలుంటాయి. ఇంటికి వెళ్ళేటప్పుడే సీసా చేతికిచ్చి పంపేవారు, దానివల్ల లక్షలమంది బానిసలయ్యారు. మన దగ్గర 1985 మాదకద్రవ్యాల చట్టం తరువాత మార్ఫిన్ దొరకడమే గగనమైంది. 2014లో సవరణ వచ్చి కొంత సులువైనా చిన్న ఊళ్ళ మందుల షాపుల్లో అది ఉండదు. మనకు మిగిలేవి ట్రమడాల్, ఆపైన డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు. ఈ రెండో రకం మాత్రలు మూత్రపిండాలకు మంచివి కావు. మన పక్కనే ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బుతో కుటుంబాలకు కుటుంబాలే అల్లాడుతున్నాయి. దానికి కారణాలు ఏవైనా, ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీకి ఈ మాత్రలు ఇంకా చేటు చేస్తాయి. ఒళ్ళునొప్పులని రోజూ రెండు మాత్రలు మింగే అలవాటున్న కూలీకి ఆపరేషన్ తరువాత అవే మాత్రలు గుప్పెడు రాసివ్వడం తప్పు. ముందు క్రియాటినిన్ చూడాలి. బ్లాకు సాయంతో గట్టి నొప్పి గంటలు దాటిపోతే ఆ మాత్రల సంఖ్య తగ్గుతుంది.

బ్లాకు పొడుగు ఎక్కువైతే మేలు ఎక్కువ అనుకోవడం కూడా సరికాదు. మొద్దుబారిన చెయ్యి తన సంగతి తాను చెప్పుకోలేదు. మోచెయ్యి కుర్చీ అంచు మీద గంటలు నలిగినా తెలియదు, అక్కడి నరం దెబ్బతింటుంది. వేడినీళ్ళ సంచి పెడితే చర్మం కాలినా తెలియదు. కట్టు బిగుసుకుని వేళ్ళు నల్లబడుతున్నా నొప్పి హెచ్చరించదు. బ్లాకు ఇచ్చిన పక్క కనురెప్ప వాలడం, గొంతు బొంగురుపోవడం కొందరికి ఉంటుంది, మందుతో పాటే తగ్గిపోతుంది. మూడోరోజుకు కూడా చెయ్యి మొద్దుగానే ఉంటే అది మందు వల్లనా, నరానికి గాయం వల్లనా అని తేల్చుకోవడానికి కష్టపడాలి. నన్నడిగితే ఒకే బ్లాకుకు కావలసిన పొడుగు ఒక రాత్రి. ఆ రాత్రి దాటించి పగటి వెలుతురులో దింపితే చాలు.

మన మెడికల్ కాలేజీల గురించి ఒక మాట. విజయవాడ సిద్ధార్థ కాలేజీ మొదలుకుని రాష్ట్రమంతటా అనస్థీషియా పీజీ విద్యార్థులకు బ్లాకులో ఏది కలిపితే ఎంతసేపు నిలుస్తుందన్నది ఎంతో ఇష్టమైన థీసిస్ విషయం. రెండు గుంపులు, రెండు మందులు, మొదటి నొప్పి సూది ఎన్ని నిమిషాలకు అడిగారో లెక్క. ఈ లెక్క అవసరమే. కానీ పేషెంటు ఇంటికి వెళ్ళాక ఆ రాత్రి ఎలా గడిచింది, ఎన్నింటికి లేచాడు, మాత్ర వేసుకున్నాడా, పక్కన ఎవరున్నారు, ఎవరికి ఫోన్ చేశాడు అన్న ప్రశ్నలు వేసిన థీసిస్ నేను చూసినవాటిలో అరుదు.

కొలవడానికి వీలైనదే కొలిచి అదే సర్వమనుకుంటే ఏమవుతుందో మన నేల మీదే ఒక పాఠం ఉంది. 1888, 1889ల్లో హైదరాబాదులో రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నిజాం ప్రభుత్వ ధనంతో రెండు క్లోరోఫాం కమిషన్లు నడిపాడు. ఆ రోజుల్లో ప్రపంచంలోనే పెద్ద మత్తు పరిశోధన అది.  వందల జంతువుల మీద పరీక్షించి, ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, క్లోరోఫాం గుండెను ముందుగా ఆపదని కమిషన్ ప్రకటించింది. ఊపిరిని కనిపెట్టమన్న సలహా నేటికీ బంగారమే. గుండె గురించి చెప్పింది మాత్రం తప్పని 1911కల్లా రుజువైంది. అంత శ్రమా ఒకే కొలత మీద పెట్టడం వల్ల గుండె సంగతి వాళ్ళ కంట పడలేదు. బ్లాకు ఎన్ని గంటలు నిలిచిందన్న ఒక్క కొలతతో తృప్తిపడుతున్న మన పరిశోధనకు ఇది వర్తిస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఈ సభలో ఉన్న వైద్య విద్యార్థులు తమ థీసిస్‌కు ఆ రాత్రినే విషయంగా తీసుకోవాలని కోరుతున్నాను. ఖర్చు కూడా లేదు, ఫోన్ చాలు.

ఇక ఇంటి సంగతులు. భుజం ఆపరేషన్ అయిన రాత్రి వెల్లకిలా పడుకోవద్దు. పడక కుర్చీలోనో, వీపు వెనక నాలుగు దిళ్ళు పెట్టుకునో సగం కూర్చున్నట్టు పడుకోవాలి. మోచేతి కింద మెత్తటి దిండు ఉండాలి. చెయ్యి మెడకు కట్టిన పట్టీలోనే ఉండాలి, కిందికి వేలాడకూడదు. గుడ్డలో చుట్టిన ఐసు పెట్టవచ్చు గాని మొద్దుబారిన చర్మం మీద ఎక్కువసేపు ఉంచవద్దు. పొయ్యి దగ్గరికి పోవద్దు. ఇంట్లోవాళ్ళు గంటకోసారి వేళ్ళ రంగు చూడాలి, వెచ్చగా ఉన్నాయో లేదో తాకి చూడాలి. వేళ్ళ చివర చీమలు పాకినట్టు మొదలైందంటే బ్లాకు దిగడం మొదలైందని గుర్తు. అప్పటికే మాత్ర లోపల ఉండాలి. పారాసెటమాల్ నొప్పి చూసి వేసుకునేది కాదు, గడియారం చూసి వేసుకునేది. డాక్టరు రాసిన వేళకు, నొప్పి లేకపోయినా, పడుకోబోయే ముందు ఒకటి, అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచి ఇంకొకటి. ఊపిరి భారమైనా, ఛాతీ బిగిసినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి బయల్దేరాలి.

మా వృత్తివాళ్ళకు నా విన్నపం ఇది. డిశ్చార్జి కాగితం మీద మందుల పేర్లు ఇంగ్లీషులో రాసి వదిలేయకండి. బ్లాకు ఎన్ని గంటలకు ఇచ్చారో, సుమారు ఎన్ని గంటలకు దిగుతుందో, అంతకు ముందు ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, రాత్రి ఏ నంబరుకు ఫోన్ చేయాలో తెలుగులో నాలుగు పంక్తులు రాయండి. వీలైనన్ని భుజం ఆపరేషన్లు పొద్దున్నే పెట్టించండి. దూరం ఊరివాళ్ళను, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళను, గురక, ఊపిరి సమస్య ఉన్నవాళ్ళను ఆ ఒక్క రాత్రి ఆసుపత్రిలోనే ఉంచండి. బెడ్డు ఖాళీ చేయాలన్న తొందర కన్నా ఇది ముఖ్యం.

మీకు చెప్పేది చిన్నది. మీకో మీ ఇంట్లోవాళ్ళకో భుజం ఆపరేషన్ నిశ్చయమైతే సర్జన్‌తో మాట్లాడినట్టే ముందురోజు మత్తు డాక్టరుతో కూడా మాట్లాడతామని అడగండి. సుగర్, కిడ్నీ, ఊపిరి సంగతులు దాచకుండా చెప్పండి. రోజూ మింగే మాత్రల అట్టలు అన్నీ పట్టుకెళ్ళి చూపించండి. ఇచ్చే బ్లాకు ఎన్నింటికి దిగుతుంది, దిగేలోపు ఏం వేసుకోవాలి అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకుని, అప్పుడే ఇంటికి బయల్దేరండి.